మీకు తెలుసా? పరీక్షల ముందు తగిలిన గాయం ఆలస్యంగా మానుతుంది

"ఊరికే టెన్షన్ పడకు, మొహం పాడైపోతుంది" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటూనే ఉంటారు. ఏదో మాటవరసకు అన్నారులే అని వదిలేస్తాం. ఆ మాటను మిల్లీమీటర్లలో కొలిచి చూసినవాళ్లు ఉన్నారు మరి.

అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో 11 మంది డెంటల్ విద్యార్థులు పరిశోధన కోసం అంగిలి మీద చిన్న గాయం చేయించుకున్నారు. దాని వెడల్పు మూడున్నర మిల్లీమీటర్లు. ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటిది వేసవి సెలవుల్లో. రెండోది పెద్ద పరీక్షకు మూడు రోజుల ముందు, అంగిలికి అవతలి వైపున. మనిషి అదే, నోరు అదే, గాయం కొలత అదే, మారింది తలలో ఉన్న పరీక్ష ఒక్కటే. పరీక్షల ముందు చేసిన గాయం మానడానికి సగటున 40 శాతం ఎక్కువ సమయం పట్టింది. ఆ పదకొండు మందిలో ఒక్కరికైనా సెలవుల్లో మానినంత త్వరగా మానలేదు. ఈ ఫలితాలు 1998లో అచ్చయ్యాయి.

అంతకు మూడేళ్ల ముందు, 1995లో, అదే బృందం ఇంకా కష్టమైన ఒత్తిడిని పట్టుకుంది. మతిమరుపు జబ్బుతో ఉన్న ఇంటిమనిషికి రాత్రింబవళ్లు చాకిరీ చేస్తున్న 13 మంది మహిళలు ఒకవైపు. దాదాపు అదే వయసు, అదే ఆదాయం ఉండి ఆ బరువు లేని మరో 13 మంది ఇంకోవైపు. అందరి చేతి మీదా ఒకే కొలత గాయం. మానిందో లేదో తేల్చడానికి వాడింది మనకు బాగా తెలిసిన హైడ్రోజన్ పెరాక్సైడే. పచ్చి పుండు మీద వేస్తే తెల్లగా నురగ పొంగుతుంది, చర్మం పూర్తిగా మూసుకుంటే పొంగదు. నురగ రాని రోజే గాయం మానిన రోజు. మామూలు మహిళలకు సగటున 39 రోజులు పట్టింది. చాకిరీ చేసేవాళ్లకు దాదాపు 49. మంచం పట్టిన అత్తగారికో, మనుషుల్ని గుర్తుపట్టలేని తండ్రికో ఏళ్ల తరబడి సేవ చేస్తున్న ఆడవాళ్లు మన ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్ల చేతి మీద గాటు పడితే పసుపు అద్దుకుని మళ్లీ పనిలో పడతారు, రోజులు లెక్కపెట్టేదెవరు?

చర్మానికీ మెదడుకీ చుట్టరికం

తల్లి కడుపులో పిండం మూడో వారంలో మూడు పొరలుగా ఉంటుంది. అన్నిటికన్నా పైపొర నుంచే చర్మపు పైభాగమూ, మెదడూ నరాలూ కూడా పుడతాయి. పుట్టుక ఒకటే కాబట్టే ఈ రెండూ మాట్లాడుకుంటాయని చెప్పేస్తే కాస్త అతి అవుతుంది గానీ, రెండూ ఒకే రకం రసాయనాలు వాడతాయన్నది మాత్రం నిజం.

ఒత్తిడి అనగానే కిడ్నీల పైన టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు, అవి విడుదల చేసే కార్టిసాల్ గుర్తొస్తాయి. చర్మం మాత్రం రక్తంలో వచ్చే కార్టిసాల్ కోసం చేతులు చాపుకుని కూర్చోదు. ఆ హార్మోన్‌ను సొంతంగానూ తయారుచేసుకోగలదు. ఒంటి నుంచి వేరుచేసి గాజు పాత్రలో ఉంచిన మనిషి వెంట్రుక కుదురు కూడా కార్టిసాల్ తయారుచేసిందని 2005లోనే చూపించారు. తల లేదు, తలనొప్పి లేదు, అయినా ఒత్తిడి హార్మోన్ మాత్రం వచ్చింది!

మొటిమలకు జిడ్డు ఒక్కటే కారణమా?

స్టాన్‌ఫర్డ్‌లో 22 మంది విద్యార్థుల ముఖాలను మామూలు రోజుల్లో ఒకసారి, పరీక్షల రోజుల్లో మరోసారి పరీక్షించారు (2003). పరీక్షలప్పుడు మొటిమలు ముదిరాయి, ఎవరికి ఒత్తిడి ఎక్కువ పెరిగిందో వాళ్లకు మరీ ఎక్కువగా. "పరీక్షలప్పుడు నిద్ర చాలదు, తిండి సరిగా ఉండదు, అందుకేలే" అనొచ్చు. ఆ తేడాలను లెక్కలోంచి తీసేసి చూసినా ఒత్తిడి పాత్ర మిగిలింది.

అసలు కొసమెరుపు సింగపూర్‌ది. అక్కడ 94 మంది హైస్కూలు పిల్లల మీద 2007లో వచ్చిన అధ్యయనంలో పరీక్షల వేళ మొటిమలైతే పెరిగాయి, ముఖం మీద జిడ్డు మాత్రం చెప్పుకోదగ్గంత పెరగలేదు. అంటే ఒత్తిడి మొటిమలకు దారి జిడ్డు ఒక్కటే కాదు, లోపలి వాపుకూ అందులో వాటా ఉండే అవకాశం ఎక్కువ. ఇంటర్ పరీక్షల ముందు హాస్టల్ బాత్రూముల్లో రోజుకు అయిదారుసార్లు ఫేస్‌వాష్ పెట్టి రుద్దే పిల్లలు ఇది చదివితే బాగుండు. అంత రుద్దితే చర్మం పొడిబారి మండటమే గానీ లాభం లేదు.

టేపు అంటించి పీకితే తెలిసిన సంగతి

చర్మం మీద అట్టడుగు నుంచి పైకొచ్చి చచ్చిపోయిన కణాల పొర ఒకటుంటుంది. చాలాచోట్ల దాని మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా ఉండదు. లోపలి నీరు ఆవిరైపోకుండా, బయటి క్రిములు లోనికి రాకుండా కాపలా కాసేది అదే. దానికి టేపు అంటించి పీకుతూ పోతే పొర పలచబడుతుంది, ఆరోగ్యమైన చర్మం గంటల్లోనే దాన్ని బాగుచేసుకోవడం మొదలుపెడుతుంది. 27 మంది వైద్య, దంతవైద్య, ఫార్మసీ విద్యార్థుల మీద ఈ టేపు పరీక్షను సెలవుల తర్వాత, పరీక్షల మధ్యలో, మళ్లీ సెలవుల్లో చేశారు (2001). పరీక్షల మధ్యలో మరమ్మతు మందగించింది, సెలవులు రాగానే మళ్లీ దారిన పడింది. ఒత్తిడి రోజుల్లో ఎప్పుడూ వాడే సబ్బే మంటపుట్టించినట్టు, చర్మం చిరచిరలాడినట్టు అనిపిస్తే అది మీ ఊహేనని కొట్టిపారేయనక్కర్లేదు.

భూకంపం తర్వాత దురద

1995 జనవరి 17 తెల్లవారుజామున జపాన్‌లోని కోబే ప్రాంతాన్ని భూకంపం కుదిపేసింది. 6,400 మందికి పైగా చనిపోయారు. అక్కడి వైద్యులు తర్వాత 1,457 మంది ఎగ్జిమా రోగులను పరిశీలించారు. భూకంపం తాకిడి లేని చోట్ల 7 శాతం మందికే జబ్బు ముదిరితే, బాగా దెబ్బతిన్న ప్రాంతంలో 38 శాతం మందికి ముదిరింది. ఓ మోస్తరుగా దెబ్బతిన్న చోట 34 శాతం. ఇళ్లు కూలిన చోట స్నానానికి నీళ్లు లేవు, మందులు అందలేదు, దుమ్ము. అవన్నీ నిజమే. కానీ అంత నష్టం లేని చోట కూడా అంకె 34 దగ్గర ఉండటం ఆలోచించాల్సిన విషయం.

అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా ప్రస్తావించరు. బాగా దెబ్బతిన్న ప్రాంతంలో 9 శాతం మందికి ఎగ్జిమా తగ్గింది! కార్టిసాల్‌కు వాపును అణిచే గుణం ఉంది, బహుశా అది పనిచేసి ఉండొచ్చు. ఏదేమైనా 'ఒత్తిడి వస్తే చర్మం పాడవుతుంది' అని గీత గీసినట్టు చెప్పేవాళ్లకు ఈ 9 శాతం గుర్తుచేయాలి.

దిగులుతో జుట్టు నెరుస్తుందా?

నెరుస్తుంది. ఎలుకల్లో అయితే కచ్చితంగా. హార్వర్డ్‌లో యా-చియే షూ బృందం 2020లో దీని గుట్టు విప్పింది. నల్ల ఎలుకలను ఒత్తిడికి గురిచేస్తే బొచ్చు తెల్లబడింది. రోగనిరోధక కణాలు కారణమేమో అనుకుని అవి లేని ఎలుకలతో చూశారు. అవీ నెరిశాయి. కార్టిసాలేమోనని అడ్రినల్ గ్రంథులు తీసేసి చూశారు. అయినా నెరిశాయి. చివరికి దొరికిన దొంగ, ప్రతి వెంట్రుక కుదురు దాకా పాకి ఉన్న సింపథటిక్ నరాలు. ప్రమాదం ఎదురైతే గుండెను దడదడలాడించే నరాలివే. ఇవి వదిలిన నార్‌అడ్రినలిన్ తగలగానే, రంగునిచ్చే కణాలను పుట్టించాల్సిన మూలకణాలన్నీ ఒక్కసారిగా రంగు కణాలుగా మారిపోయి కుదురు వదిలి వెళ్లిపోయాయి. విత్తనాల కోసం దాచిన వడ్లను వండుకు తినేసినట్టు. తర్వాత మొలిచే వెంట్రుకకు రంగు వేసేవాళ్లే లేరు.

మరి మనుషుల్లో? కొలంబియా యూనివర్సిటీలో మార్టిన్ పికార్డ్ బృందం 14 మంది వెంట్రుకలను పొడవునా స్కాన్ చేసింది (2021). వెంట్రుక నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, ఎక్కడ రంగు మారిందో చూసి ఎప్పుడు మారిందో లెక్కకట్టొచ్చు. ఆ వ్యక్తులు రాసిచ్చిన ఒత్తిడి క్యాలెండరుతో సరిపోల్చారు. వాళ్లలో ఒకరు సెలవు మీద వెళ్లిన రోజుల్లో అయిదు వెంట్రుకలు మళ్లీ నల్లబడ్డాయి! సంబరపడకండి, నెరవడానికి అప్పుడప్పుడే అంచుకు వచ్చిన వెంట్రుకల్లోనే ఇది సాధ్యమని పరిశోధకుల అంచనా. డెబ్బై ఏళ్లాయన గోవా వెళ్లొస్తే తల నల్లబడదు.

రాత్రికి రాత్రి జుట్టు తెల్లబడటం మాత్రం కథే. ఫ్రాన్స్ రాణి మారీ ఆంటోనెట్‌కు 1793లో తల నరకడానికి ముందు రాత్రి అలా జరిగిందంటారు. చర్మం దాటి బయటికొచ్చిన వెంట్రుక నిర్జీవం, దాని రంగు లోపలి నుంచి మారదు. పేనుకొరుకుడు జబ్బులో నల్ల వెంట్రుకలు ముందు ఊడి, ఉన్న తెల్లవి మిగలడంతో అలా కనిపించే వీలుంది. ఆ జబ్బుకూ పేలకూ సంబంధం లేదని వేరే చెప్పాలా?

జుట్టు రాలడం గురించి ఒక్క మాట. పెద్ద జ్వరమో, ఆపరేషనో, ఇంట్లో చావో జరిగిన రెండు మూడు నెలలకు గానీ రాలడం మొదలవదు. అందుకే అసలు కారణాన్ని మర్చిపోయి, నిన్న మార్చిన షాంపూను తిడతాం. కోవిడ్ తగ్గాక చాలామందికి జరిగింది ఇదే. ఎక్కువమందికి జుట్టు మళ్లీ మొలుస్తుంది.

ముడతల అసలు దోషి

ఇక వయసు సంగతి. ఒత్తిడి మనిషిని పదేళ్లు ముసలివాణ్ని చేస్తుందని ఏ క్రీము ప్రకటన చూసినా ఉంటుంది. దాని మూలం 2004 నాటి అధ్యయనం. దీర్ఘకాలపు జబ్బున్న పిల్లల్ని సాకుతున్న తల్లులనూ, ఆరోగ్యంగా ఉన్న పిల్లల తల్లులనూ పరిశీలించి, వాళ్లలో ఒత్తిడి ఎక్కువున్నవాళ్ల క్రోమోజోముల కొసలు, అంటే టీలోమియర్లు, పొట్టిగా ఉన్నాయని, ఆ తేడా పదేళ్ల వయసుకు సమానమని తేల్చారు. చేసినవాళ్లలో ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ ఉన్నారు, టీలోమియర్ల మీదే 2009లో నోబెల్ అందుకున్నారు. గొప్ప పనే. కానీ వాళ్లు కొలిచింది రక్తకణాల్ని. ముఖం మీది ముడతల్ని కాదు.

ముడతలకు ఒత్తిడి కన్నా పెద్ద దోషి ఎండ. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక ఫొటో చూసినవాళ్లు మర్చిపోరు. 28 ఏళ్లు డెలివరీ ట్రక్కు నడిపిన 69 ఏళ్ల డ్రైవరు. కిటికీ అద్దం వైపున్న ఎడమ చెంప దళసరిగా, మడతలు మడతలుగా, కుడి చెంప కన్నా ఎంతో ముసలిగా ఉంది. ఇద్దరు మనుషుల ముఖాలు అతికించినట్టుంటుంది. జీవితంలోని ఒత్తిడి రెండు చెంపలకూ సమానమే కదా! మన దగ్గర స్టీరింగ్ కుడివైపు, కాబట్టి మన లారీ డ్రైవర్లు కాచుకోవాల్సింది కుడి చెంప. అద్దం యూవీ-బీని చాలావరకు ఆపుతుంది గానీ, ముడతలు తెచ్చే యూవీ-ఏని అంతగా ఆపదు.

ట్యూబులో దొరికే ఒత్తిడి

కార్టిసాల్ మోతాదు మించితే చర్మం ఏమవుతుందో కళ్లారా చూడాలంటే ప్రయోగశాలకు వెళ్లనక్కర్లేదు. మెడికల్ షాపులో హైడ్రోకార్టిసోన్ పేరుతో అమ్మేది అచ్చంగా కార్టిసాలే. బీటామెథసోన్, మోమెటసోన్, క్లోబెటసాల్ దాని వంశంలోనివే, బలం మాత్రం చాలా ఎక్కువ. డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు వాడితే మంచి మందులు. "మొహం తెల్లబడే క్రీము ఇవ్వు బాబూ" అని అడిగితే కౌంటరు మీదికి వచ్చే ట్యూబుల్లో కొన్నింటిలో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌లతో పాటు ఈ కార్టిసాల్ వంశపు మందూ ఉంటుంది. మొదటి రెండు వారాలు ముఖం నున్నగా మెరుస్తుంది, పక్కింటావిడ క్రీము పేరు అడిగి తనూ తెచ్చుకుంటుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడి ఎర్రటి సన్నని రక్తనాళాలు బయటపడతాయి, మొటిమలు, చెంపల మీద నూగు, ఎండలోకి వెళ్తే మంట. మానేస్తే రెట్టింపు ఎర్రబడటంతో భయపడి మళ్లీ రాస్తారు. మామూలు టెన్షన్ చర్మాన్ని ఇంత దారుణంగా పలచన చేయదు, ఆ పని చేసేది ఈ ట్యూబు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి క్రీములను డాక్టరు చీటీ మీదే అమ్మాలన్న జాబితాలో చేర్చింది. అయినా చీటీ అడిగే షాపులు ఎన్ని?

ఇంట్లో ఎవరైనా ముఖానికి రోజూ రాసే ట్యూబు ఉంటే ఇప్పుడే తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవండి. పైన చెప్పిన పేర్లలో ఏదైనా కనిపిస్తే ఒక్కసారిగా మానేయకండి, ఇంకో క్రీము కొనకండి. చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో ఈ ఓపీ ఉంటుంది. వెళ్లేటప్పుడు ఆ ట్యూబును పారేయకుండా వెంట తీసుకెళ్లండి.