ఫోస్టర్ కేరర్ కావాలంటే ముందు మనకే బడి

(రేడియో ప్రసంగ పాఠం)

పోయిన నెల కార్యక్రమం అయ్యాక ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి ఒకటే ప్రశ్న వేశారు. "మీరు ఫోస్టరింగ్‌కి ట్రైనింగ్ తీసుకున్నారటగా! పిల్లల్ని పెంచడానికి ట్రైనింగేమిటండీ, మన అమ్మమ్మలు ఏ ట్రైనింగుకి వెళ్ళారు?" అని. మొదట్లో నేనూ సరిగ్గా ఇదే మాట అన్నాను. అందుకని ఈ వారం ఆ కబుర్లే చెప్పుకుందాం. నేను చెప్పేది ఇంగ్లండు పద్ధతి. స్కాట్లాండు, వేల్సు, ఉత్తర ఐర్లండులలో నియమాలు వేరు, అక్కడున్నవారు తమ ప్రాంతంలోనే కనుక్కోవాలి.

ముందుగా ఒక మాట. మనం "పెంచుకోవడం" అంటే దత్తతే అనుకుంటాం. ఇది దత్తత కాదు. పిల్లవాడికి కన్నవాళ్ళుంటారు, ఇంటిపేరు మారదు, వీలైనంతవరకు వాళ్ళని కలుస్తూనే ఉంటాడు. మన దగ్గర ఉండేది నాలుగు రోజులు కావచ్చు, నాలుగేళ్ళు కావచ్చు. పరాయి పిల్లలకి అన్నం పెట్టడం మనకి కొత్తేమీ కాదు. మా తాతగారు వారాలు చేసుకునే చదువుకున్నారు. కాకపోతే ఆయన్ని అమ్మా నాన్నా దీవించి పంపారు. ఇక్కడ పిల్లలు ఒక్కోసారి అర్ధరాత్రి, చేతిలో ఒక సంచీతో వస్తారు. ట్రైనింగ్ అవసరం అక్కడే మొదలవుతుంది.

మేం ఇందులోకి ఎందుకు వెళ్ళామో చెప్తాను. నేను అప్పుడప్పుడు తెలుగు దుబాసీగా పనిచేస్తాను. ఒకసారి ఇద్దరు చిన్నపిల్లల కోసం పిలిచారు. ఎవరు, ఎక్కడ అన్నది చెప్పకూడదు. వాళ్ళని ఉంచిన ఇంటావిడ బంగారంలాంటి మనిషి. చిన్నది రెండు రోజులుగా తిండి తినడంలేదని ఆవిడకి దిగులు. దానికి కావలసింది పెరుగన్నం. పెరుగు అన్న మాట ఎలాగో అర్థమై ఆవిడ తెచ్చింది స్ట్రాబెర్రీ యోగర్ట్! 1989 నాటి చిల్డ్రన్ యాక్ట్ ప్రకారం పిల్లవాడి మతం, జాతి, సంస్కృతి, భాష కౌన్సిల్ దృష్టిలో పెట్టుకోవాలి. కానీ జాబితాలో ఒక్క తెలుగు ఇల్లైనా లేకపోతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?

సరే, దరఖాస్తు పెట్టాం. పోలీసు రికార్డుల తనిఖీ, అంటే డి.బి.ఎస్., డాక్టరు పరీక్ష, మన గురించి చెప్పేవాళ్ళ పేర్లు, ఇల్లు చూడడం, ఇవన్నీ ఒక పక్క నడుస్తుంటాయి. సోషల్ వర్కర్ చాలాసార్లు ఇంటికొచ్చి మన చిన్నతనం దగ్గర్నుంచి అడిగి ఫారం ఎఫ్ అనే పెద్ద నివేదిక రాస్తారు. ఇంకోపక్క పాఠాలు. చాలా చోట్ల వాడేది ఫోస్టరింగ్ నెట్‌వర్క్ సంస్థ తయారుచేసిన "స్కిల్స్ టు ఫోస్టర్" కోర్సు. మామూలుగా మూడు రోజులుంటుంది. మాకు మూడు శనివారాలు పట్టింది. ఫీజేమీ లేదు.

మొదటిరోజు చిన్న కాగితాలిచ్చి, మీ జీవితంలో ముఖ్యమైన ఐదింటిని రాయమన్నారు. మావారు అమ్మ, ఇల్లు, ఉద్యోగం, తెలుగు, స్నేహితులు అని రాశారు. ట్రైనర్ వచ్చి అడక్కుండా ఒక్కొక్క కాగితమే లాగేసుకుంటూ పోయింది. ఆటేనని తెలుసు, అయినా చివరి కాగితం ఆయన వదల్లేదు.

రెండో రోజు దెబ్బల దగ్గర పేచీ వచ్చింది. ఫోస్టర్ కేరర్ పిల్లవాడి మీద చెయ్యెత్తకూడదు. చిన్న చెంపదెబ్బ కూడా కుదరదు. 2011 నాటి ఫోస్టరింగ్ నిబంధనల్లోనే ఉంది, సంతకం చేసే ఒప్పందంలోనూ ఉంటుంది. మావారు లేచి, "మా నాన్న కొట్టారు, నేను బాగానే ఉన్నాను కదా" అన్నారు. మన సభల్లో అయితే చప్పట్లు పడేవి! ట్రైనర్ కోప్పడలేదు. "కొట్టిన రాత్రి మీ నాన్నగారు ఏం చేసేవారు?" అని అడిగింది. ఆయన కాసేపు ఆగి, "పక్కన కూర్చోబెట్టుకుని అన్నం కలిపి పెట్టేవారు" అన్నారు. "మీ ఇంటికొచ్చే పిల్లవాడికి ఆ రెండో సంగతి తెలియదు" అందావిడ. దారిపొడుగునా ఆయన మాట్లాడలేదు.

మరి కొట్టకుండా ఎలా? అదీ నేర్పారు. ఉదాహరణకి, ఆకలి చూసిన పిల్లలు దిండు కింద రొట్టెముక్కలు దాచుకుంటారు. మనం దొంగతనం అనుకుంటాం. తిట్టకుండా వాడి గదిలోనే ఒక డబ్బాలో బిస్కెట్లు పెట్టి, ఇది నీదే, ఎప్పుడైనా తినచ్చు అనమన్నారు. దాచడం మెల్లిగా అదే తగ్గుతుందట.

ఇంకా చిన్నవనిపించే పెద్ద సంగతులున్నాయి. పిల్లల గది తలుపు తట్టి వెళ్ళాలి. మావారు లుంగీ, బనీనుతో హాల్లో తిరగడం మానేశారు, నాకు పాతికేళ్ళలో సాధ్యం కానిది! రోజూ జరిగినవి డైరీలో రాయాలి. ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. ఇండియా తీసుకెళ్ళాలంటే అనుమతి కావాలి. తిరుపతిలో గుండు సంగతి మనంతట మనం తేల్చేది కాదు. జుట్టు కత్తిరించడానికి కూడా, ఆ నిర్ణయం మనకి అప్పగించారో లేదో కాగితంలో చూసుకోవాలి.

తర్వాత ప్యానెల్. బల్ల చుట్టూ కూర్చుని ప్రశ్నలడిగి సిఫార్సు చేస్తారు, తుది నిర్ణయం ఏజెన్సీలో ఒక అధికారిది. అంతటితో బడి అయిపోయిందనుకోకండి. ఆమోదం వచ్చిన 12 నెలల్లో ట్రైనింగ్, సపోర్ట్ అండ్ డెవలప్‌మెంట్ స్టాండర్డ్స్ అని ఏడు ప్రమాణాలు పూర్తిచెయ్యాలి. బంధువుల పిల్లల్ని చూసేవారికి 18 నెలలు. పరీక్ష కాదు. మనం ఏం చేశామో వర్క్‌బుక్కులో ఉదాహరణలతో రాసి చూపించాలి. ఇంగ్లీషు బాగా రాయలేమని భయపడకండి, మనకి కేటాయించిన సోషల్ వర్కర్ సాయపడతారు.

ఫోస్టరింగ్ ఆలోచన లేనివారు కూడా ఈ చివరి ముక్క వినండి. మనలో ఇది చాలా మామూలు కాబట్టి గట్టిగా చెప్తున్నాను. స్నేహితులు ఇండియా వెళ్తూ పిల్లవాణ్ణి మీ దగ్గర వదిలారనుకోండి. వాడికి 16 ఏళ్ళు నిండకపోతే, వైకల్యం ఉంటే 18 నిండకపోతే, 28 రోజులు లేదా అంతకు మించి ఉండబోతుంటే, అది ప్రైవేట్ ఫోస్టరింగ్ కింద లెక్క. కౌన్సిల్‌కి ఆరు వారాల ముందే చెప్పాలి. హఠాత్తుగా వస్తే 48 గంటల్లో చెప్పాలి. తాతా అమ్మమ్మలు, సొంత పిన్ని బాబాయిలు, మేనమామ మేనత్తలైతే అక్కర్లేదు. "వరసకి పిన్ని" అంటే చట్టం ఒప్పుకోదు! దీనికి ట్రైనింగేమీ ఉండదు, సోషల్ వర్కర్ వచ్చి పిల్లవాణ్ణి చూసి వెళ్తారు. చెప్పకపోతే మాత్రం చిక్కే.

వివరాలు కావలసినవారు మీ కౌన్సిల్‌కి ఫోన్ చేసి ఫోస్టరింగ్ టీమ్ కావాలని అడగండి. మా ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారని మాత్రం నన్ను అడగకండి, చెప్పకూడదు. మా వర్క్‌బుక్కులో ఇంకా రెండు ప్రమాణాలు మిగిలున్నాయి, గడువు దగ్గరికొచ్చింది. ఈ ఆదివారం మావారూ నేనూ దానిమీదే కూర్చోవాలి. సెలవు.