సన్నాయి తాత చెప్పిన రాగం

పెళ్ళిలో తాళి కట్టే వేళకు ఎవరో ఒకరు "గట్టిమేళం, గట్టిమేళం" అని కేకేస్తారు. డోలు గబగబా మోగుతుంది. సన్నాయి గొంతు పెంచుతుంది. అక్షింతలు పడతాయి. మనకు అంతవరకే గుర్తుంటుంది. అంతకు ముందు రెండు గంటలసేపు ఆ సన్నాయి ఏం వాయించిందో ఎవరూ అడగరు.

అది చాలాసార్లు త్యాగరాజు కీర్తనలే వాయిస్తుంది. దాన్నే కర్ణాటక సంగీతం అంటారు. పట్నంలో టిక్కెట్టు కొనుక్కుని సభల్లో వినేది కూడా అదే. మనం సన్నాయి అనేదాన్ని పుస్తకాల్లో నాదస్వరం అని రాస్తారు.

మా రాత్రి బడికి ఒక సన్నాయి తాత వస్తాడు. అరవై దాటాయి. మొన్నటిదాకా వేలిముద్ర వేసేవాడు. ఇప్పుడు సంతకం చేస్తాడు. గుణింతాలు కూడబలుక్కుని చదువుతాడు.

ఒక రాత్రి పాఠం అయ్యాక నేను సెల్‌ఫోనులో ఒక కీర్తన పెట్టాను. నాకు ఆ పాటలంటే ఇష్టం. టీచరు ట్రైనింగు చదివేటప్పుడు హాస్టల్లో పొద్దున్నే రేడియో మోగేది. అక్కడ పట్టుకుంది ఈ పిచ్చి. నాకు నచ్చింది నలుగురికీ వినిపించాలని ఆశ. కానీ అందరూ నవ్వారు. "ఏంది టీచరమ్మా, చెప్పిందే చెప్తాడు, సాగదీస్తాడు! ఇది మనకెందుకు? చదువుకున్నోళ్ళ పాట" అంది ఒక అక్క.

మూల కూర్చున్న తాత "మోహన" అన్నాడు.

పాట మొదలై నిమిషం కూడా కాలేదు. అది ఏ రాగమో నాకు తెలియదు. నేనైతే పుస్తకం చూసుకోవాలి. చూశాను. తాత చెప్పింది నిజమే. చదువుకున్నదాన్ని నేను, చెప్పింది ఆయన!

ఇంతకీ రాగం అంటే ఏమిటి? సంగీతానికి స, రి, గ, మ, ప, ద, ని అని ఏడు స్వరాలు. ఏ పాటైనా వీటితోనే పుడుతుంది. కొన్ని రాగాల్లో ఏడూ ఉంటాయి. కొన్నింటిలో ఉండవు. మోహనలో ఐదే ఉంటాయి. మ, ని రావు. ఇంట్లో ఏడు దినుసులున్నా ఐదింటితోనే కూర వండామనుకోండి. దాని రుచి దానిదే. కళ్ళు మూసుకుని తిన్నా అదేం కూరో చెప్పగలం. తాత రాగాన్ని పట్టింది అలాగే. పేర్లు తర్వాత నేర్చుకోవచ్చు. ముందు రుచి తెలియాలి.

రెండోది తాళం. ఇది వెంటనే వస్తుంది. ఇప్పుడే చేసి చూడండి. కుడిచేత్తో తొడమీద ఒక దెబ్బ వేయండి. తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు వరసగా లెక్కపెట్టండి. నాలుగయింది. మళ్ళీ దెబ్బ, అరచెయ్యి తిరగేయడం. ఇంకోసారి దెబ్బ, తిరగేయడం. మొత్తం ఎనిమిది. దీన్ని ఆదితాళం అంటారు. కీర్తనల్లో చాలా భాగం ఈ తాళంలోనే ఉంటాయి. పాట వింటూ చెయ్యి ఇలా ఆడిస్తే నిద్ర రాదు. పాట ఎక్కడ మొదలవుతోందో, తిరిగి ఎక్కడికొస్తోందో చేతికే తెలుస్తుంది. "చదువుకున్నోళ్ళ పాట" అన్న అక్క నాట్లేసేటప్పుడు పాట అందుకునే మనిషి. ఆమె చెయ్యి ఒక్కసారి కూడా తప్పలేదు. నాదే రెండుసార్లు తప్పింది.

"చెప్పిందే చెప్తాడు" అని కూడా అంది కదా. అదీ చూద్దాం. కీర్తనలో మొదటి మాటను పల్లవి అంటారు. మన భజనల్లో ఉండే పల్లవే. పాడేవాళ్ళు దాన్ని మొదట సాదాగా పాడతారు. రెండోసారి చిన్న మెలిక పెడతారు. మూడోసారి ఇంకో మెలిక. వీటిని సంగతులు అంటారు. ముగ్గు వేసేటప్పుడు చుక్కలు అవే ఉంటాయి, గీత మారుతుంది. ఇదీ అంతే. మాట అదే, దారి కొత్తది. ఈసారి ఏం మారిందా అని చెవి పెట్టండి.

మొదట్లో మాత్రం గంటసేపు సాగే పెద్ద పల్లవుల జోలికి పోకండి. నాకే అవి ఇంకా పట్టుబడలేదు. త్యాగరాజు దివ్యనామ కీర్తనలని రాశాడు. పదిమంది కలిసి పాడుకునేవి, తేలికవి. వాటితో మొదలుపెట్టండి. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు (1930-2016) పాడినవి వినండి. ఆయనది గోదావరి జిల్లా శంకరగుప్తం. ఆయన నోట తెలుగు మాట విడిగా వినిపిస్తుందని నాకనిపిస్తుంది.

తెలుగు మాట అన్నాను. ఈ పాటలు రాసిన త్యాగరాజు 1767లో తమిళదేశంలోని తిరువారూరులో పుట్టాడు. కావేరి ఒడ్డున తిరువయ్యారులో బతికి, 1847లో అక్కడే పోయాడు. ఇంటిపేరు కాకర్ల. అక్కడ తెలుగెందుకు? పదహారు, పదిహేడో శతాబ్దాల్లో తంజావూరును తెలుగు నాయకరాజులు ఏలారు. తర్వాత వచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగు పాటను ఆదరించారు. అందుకే ఈనాటికీ తమిళ పిల్లలు సంగీతం నేర్చుకోవాలంటే మన తెలుగు పాటలు నేర్చుకుంటారు. త్యాగరాజు రాజుల కొలువులో పాడలేదు. వీధుల్లో పాడుకుంటూ పోయేవాడు. ఇళ్ళవాళ్ళు పోసిన బియ్యంతో బతికాడు.

ఆయన సమాధి పాడుపడిపోతే బాగుచేయించింది ఒక ఆడమనిషి. బెంగుళూరు నాగరత్నమ్మ (1878-1952). దేవదాసీ కుటుంబంలో పుట్టింది. పాటకచ్చేరీలు చేసి సంపాదించిన సొమ్ముతో 1920ల్లో సమాధిమీద గుడి కట్టించింది. అయినా అక్కడ జరిగే ఉత్సవంలో ఆడవాళ్ళను పాడనిచ్చేవాళ్ళు కాదు. గుడి కట్టించిన మనిషినే పాడొద్దన్నారు! ఆమె ఊరుకోలేదు. ఆడవాళ్ళను కూడగట్టి వేరుగా పాడించింది. 1940ల తొలినాళ్ళకు అందరూ ఒకటయ్యారు. ఆడవాళ్ళూ అక్కడ పాడారు. ఈ కథ చెప్పినప్పుడు మా బడిలో ఎవరూ నవ్వలేదు.

తాత అప్పుడు షేక్ చినమౌలానాగారి పేరెత్తాడు. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన నాదస్వర విద్వాంసుడు. ముస్లిం. రాముడి కీర్తనలు వాయించి ఊరూరా మెప్పు పొందారు. తర్వాత శ్రీరంగం వెళ్ళి స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. 1999లో పోయారు. "ఆయన ఊదితే సన్నాయి మాట్లాడేదమ్మా" అన్నాడు తాత.

సన్నాయికి మాట ఉండదు కదా. నాకు అక్కడే తట్టింది. "తాతా, నువ్వు వాయించే కీర్తనల మాటలు నీకొచ్చా?" అని అడిగాను. రావన్నాడు. ఆయన గురువు నోటితో స్వరాలు చెప్పి నేర్పాడు. నలభై ఏళ్ళుగా స్వరాలే వాయిస్తున్నాడు.

త్యాగరాజు కీర్తనల్లో పంచరత్నాలని ఐదున్నాయి. ఐదూ ఆదితాళమే. ఐదోది శ్రీరాగంలో ఉంటుంది. దాని పల్లవిని పెద్ద అక్షరాలతో నల్లబల్లమీద రాశాను. తాత లేచి దగ్గరికొచ్చాడు. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాడు. ఒత్తుల దగ్గర ఆగాడు. వెనక్కి పోయి మళ్ళీ చదివాడు. లోకంలో గొప్పవాళ్ళు ఎంతోమంది ఉన్నారు, వాళ్ళందరికీ దండాలు, అని దాని అర్థం.

"ఇదా దీని మాట!" అన్నాడు. చాలాసేపు బల్లవైపే చూశాడు. తర్వాత, సన్నాయి లేకుండానే, సన్నగా గొంతెత్తి ఆ మాటలు పాడాడు. అక్క తొడమీద తాళం వేసింది.

"ఇంకా నాలుగున్నాయిగా అమ్మా. అవీ రాసిపెట్టు. ఒత్తులు కాస్త పెద్దవిగా రాయి" అన్నాడు తాత.