రక్త పరీక్ష చూసి రంధి వద్దు!
రొమ్ము క్యాన్సర్‌ రోగుల్లో సీఆర్‌పీ పెరిగితే జబ్బు తిరగబెట్టినట్లు కాదు
గడ్డ ఉంటే మాత్రం నిర్లక్ష్యం తగదు

"సీఆర్‌పీ జాస్తి వచ్చిందంట.. మళ్లీ ఆ రోగమేనా?" రొమ్ముకు ఆపరేషన్‌ చేయించుకున్న మహిళల ఇళ్లలో రిపోర్టు రాగానే వినిపించే మాటిది. బళ్లారి, సిరుగుప్ప, రాయచూరు ప్రాంతాల తెలుగువారికి ఇందులో మరో చిక్కు. రిపోర్టు ఇంగ్లిషులో ఉంటుంది. ఆసుపత్రిలో కన్నడలో చెబుతారు. ఇంట్లో పెద్దామెకు తెలుగులో వివరించాలి. ఈలోగా అసలు సంగతి జారిపోయి భయమే మిగులుతోంది. దేశంలో 2022లో దాదాపు 1.92 లక్షల మంది మహిళలు కొత్తగా ఈ జబ్బు బారిన పడ్డారని అంతర్జాతీయ అంచనా. కాబట్టి ఈ అంకెల అర్థం తెలుసుకోవడం ఎందరికో అవసరం.

ఏమిటీ సీఆర్‌పీ?
ఒంట్లో ఎక్కడ వాపు వచ్చినా ఇంటర్‌ల్యూకిన్‌-6 అనే పదార్థం కాలేయానికి కబురు పంపుతుంది. కాలేయం సీ-రియాక్టివ్‌ ప్రొటీన్‌ను ఎక్కువగా తయారు చేస్తుంది. అదే సీఆర్‌పీ. కణితి చుట్టూ కూడా వాపు ఉంటుంది. కణితుల్లో తెల్లరక్తకణాలు చేరడాన్ని జర్మనీ వైద్యుడు రుడాల్ఫ్‌ విర్కో 1863లోనే గుర్తించారు. అందుకే జబ్బు ముదిరిన కొందరిలో సీఆర్‌పీ పెరుగుతుంది. అయితే జ్వరం, చిగుళ్ల చీము, కీళ్లవాతం, ఆపరేషన్‌ గాయం, ఊబకాయం వల్లా పెరగొచ్చు. ఊళ్లో కుక్కలు మొరిగితే ఎవరో వచ్చారని తెలుస్తుంది. వచ్చింది దొంగో, చుట్టమో తెలీదు. సీఆర్‌పీ కూడా అంతే.

అతుకు వీడితేనే ముప్పు
ఇ-క్యాడ్‌హెరిన్‌ అనే ప్రొటీన్‌ రొమ్ములోని కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచుతుంది. ఆ పట్టు సడలితే క్యాన్సర్‌ కణాలు విడిపడి రక్తంలో చేరే వీలుంటుంది. రక్తనాళాల లోపలి గోడపై ఇ-సెలెక్టిన్‌, ఐకామ్‌-1, వీకామ్‌-1 అనే అతుకు అణువులుంటాయి. గాయమైన చోట తెల్లరక్తకణాలను ఆపడం వీటి పని. వాపు ఉంటే ఇవి పెరుగుతాయి. దారిన పోయే క్యాన్సర్‌ కణం కూడా వీటిని పట్టుకుని వేరే అవయవంలో దిగే అవకాశముంది. ఈ అణువుల ముక్కలు రక్తంలోకి రాలుతాయి. వాటిని కొలవొచ్చు. జబ్బు ఇతర భాగాలకు పాకిన వారిలో ఇవి ఎక్కువగా ఉన్నట్లు పలు పరిశోధనల్లో తేలింది. కానీ ఇవి ఇంకా పరిశోధన స్థాయి పరీక్షలే. వీటిని బట్టి మందులు మార్చరు.

దేనికి ఏ పరీక్ష?
రొమ్ములో గడ్డ క్యాన్సరో కాదో తేల్చేది బయాప్సీ ఒక్కటే. సీఏ 15-3 అనే రక్తపరీక్ష, జబ్బు పాకిన వారికి చికిత్స ఎలా పనిచేస్తోందో చూడటానికి ఉపయోగపడుతుంది. కొత్తగా జబ్బును పట్టుకోవడానికి పనికిరాదు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. 'రక్తం బాగుందన్నారు కదా' అని గడ్డను వదిలేస్తే నెలలు గడిచిపోతాయి. గడ్డ, చర్మం నారింజ తొక్కలా మారడం, చనుమొన లోపలికి పోవడం, రక్తస్రావం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి. 30 ఏళ్లు దాటిన మహిళలకు రొమ్ము పరీక్ష చేయడం ప్రభుత్వ కార్యక్రమంలో భాగం. ఊళ్లోని ఆశా కార్యకర్తను అడగొచ్చు.

ఇవి మరవొద్దు
* పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒకే ఫైలులో పెట్టుకోవాలి.
* జ్వరం, పంటినొప్పి ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి.
* వీలైనంత వరకు ఒకే ల్యాబులో పరీక్ష చేయించుకోవాలి.
* భాష అర్థం కాకపోతే మళ్లీ అడగాలి. మొహమాటం వద్దు.