పాత కెమెరా ఫొటోలో ఒక పక్క చీకటి ఎందుకు?

తాతయ్య బీరువాలో ఫిల్మ్ కెమెరా దొరికిందా? రీలు వేసి తీస్తే ఫొటోలో ఒక పక్క నల్లగా వస్తోందా? పాడైపోయిందని దాన్ని పారేయకండి.

1976లో వచ్చిన పెంటాక్స్ కె1000నే చూద్దాం. దాని షట్టర్‌కు బ్యాటరీ అక్కర్లేదు, వెలుతురు కొలిచే మీటరుకే కావాలి. ఫిల్మ్ ముందు రెండు గుడ్డ తెరలుంటాయి. బటన్ నొక్కగానే మొదటి తెర పక్కకు పరుగెత్తి దారి తెరుస్తుంది. రెండోది వెనకే వచ్చి మూసేస్తుంది. సెకనులో 1000వ వంతు వేగంలో ఈ రెండింటి మధ్య సన్నని సందు మాత్రమే ఉంటుంది. ఆ సందు ఫిల్మ్ మీదుగా జారుతూ పోతుంటే బొమ్మ పడుతుంది. ఎంత ముచ్చటైన ఏర్పాటో! ఏళ్లు గడిచి లోపలి నూనె జిగురులా చిక్కబడితే మొదటి తెర నెమ్మదిస్తుంది, రెండోది దాన్ని అందుకుంటుంది. సందు మూసుకుపోయి, ఆ పక్కకు వెలుతురు చేరదు.

పరీక్ష సులువే. రీలు తీసేసి, వెనక తలుపు తెరిచి, కెమెరాను కిటికీ వైపు పట్టుకుని బటన్ నొక్కండి. చట్రమంతా తళుక్కుమనాలి. తెరలను మాత్రం వేలితో తాకొద్దు. షట్టర్ శుభ్రం చేయడం మెకానిక్ పని.

మీరు చేయగలిగిన మరమ్మతూ ఉంది. తలుపు అంచుల్లోని నల్ల స్పాంజి పాతబడి బంకలా మారితే వెలుతురు లోపలికి కారి ఫొటో మీద చారలు పడతాయి. పెద్దవాళ్లను పక్కన ఉంచుకుని, దాన్ని పుల్లతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, కొత్త స్పాంజి అంటించండి. తర్వాత ఒకే తెల్లగోడను వేర్వేరు వేగాల్లో తీసి, ఏ ఫొటో ఏ వేగమో పుస్తకంలో రాసుకోండి.