బాస్కెట్‌బాల్ ఫౌల్స్: చేతికొచ్చిన కప్పును చేజార్చిన ఆ ఒక్క పాయింట్.. అసలేంటీ లెక్క?

82 మ్యాచ్‌ల సీజన్‌లో ఏకంగా 73 గెలిచిన జట్టు. ఫైనల్స్‌లో 3-1 ఆధిక్యం. ఇంకొక్కటి గెలిస్తే కప్పు చేతికొచ్చినట్టే. సరిగ్గా అప్పుడే ఆ జట్టు కీలక ఆటగాడిపై ఒక మ్యాచ్ సస్పెన్షన్ పడింది. 2016లో అమెరికా ఎన్‌బీఏ లీగ్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఆటగాడు డ్రేమండ్ గ్రీన్‌కు జరిగింది ఇదే. పోనీ ఆ రోజు అంత ఘోరమైన తప్పు చేశాడా అంటే.. అదీ కాదు. పాత లెక్క నిండిపోయింది, అంతే!

విశాఖలో ప్రో కబడ్డీ చూసినవాళ్లకు ఎల్లో కార్డు సంగతి తెలిసే ఉంటుంది. ఆటగాడు 2 నిమిషాలు బయట కూర్చుని మళ్లీ మ్యాట్ మీదకు వచ్చేస్తాడు. బాస్కెట్‌బాల్‌లో అలా కాదు. ప్రతి ఫౌల్‌నూ ఆటగాడి ఖాతాలో రాసుకుంటూ పోతారు, కిరాణా కొట్టు పద్దులాగ.

మామూలు ఫౌల్స్ ఎన్ని చేయొచ్చు?

చేతి మీద కొట్టడం, నెట్టడం, పట్టుకోవడం.. ఇవన్నీ పర్సనల్ ఫౌల్స్. చోడవరంలో స్కూల్ జట్లు ఆడినా వర్తించేది అంతర్జాతీయ సమాఖ్య ఫిబా రూలే. 40 నిమిషాల మ్యాచ్‌లో 5 ఫౌల్స్ చేస్తే ఇక బెంచ్ మీదే. ఎన్‌బీఏలో మ్యాచ్ 48 నిమిషాలు కాబట్టి 6వ ఫౌల్‌తో బయటికి వెళ్లాలి. అతని బదులు ఇంకొకరు దిగొచ్చు. మ్యాచ్ అయిపోతే ఈ లెక్క కూడా అయిపోతుంది.

రిఫరీతో గొడవ పడితే టెక్నికల్ ఫౌల్. ఒకే మ్యాచ్‌లో రెండు పడితే ఇంటికే. ఎన్‌బీఏ రెగ్యులర్ సీజన్‌లో మొత్తం 16 అయితే ఒక మ్యాచ్ నిషేధం.

గ్రీన్ ఎక్కడ దొరికిపోయాడు?

అవసరం లేకుండా గట్టిగా కొడితే ఎన్‌బీఏలో దాన్ని ఫ్లాగ్రంట్ ఫౌల్ అంటారు. ఫ్లాగ్రంట్-1కి ఒక పాయింట్. మరీ ప్రమాదకరంగా ఉంటే ఫ్లాగ్రంట్-2, అంటే 2 పాయింట్లు. ప్లేఆఫ్స్ మొత్తంలో ఈ పాయింట్లు 3 దాటితే ఆటోమేటిక్‌గా ఒక మ్యాచ్ సస్పెన్షన్.

హ్యూస్టన్ ఆటగాడు మైకేల్ బీస్లీని కింద పడేసినందుకు గ్రీన్‌కు 1 పాయింట్ పడింది. ఓక్లహామా సిటీ ఆటగాడు స్టీవెన్ ఆడమ్స్‌ను గజ్జల్లో తన్నినందుకు ఇంకో 2, పైగా 25 వేల డాలర్ల ఫైన్. మొత్తం 3. నిజానికి సస్పెండ్ చేయాల్సింది ఆ తన్నుకే! కానీ అప్పుడు ఆడనిచ్చారు.

ఫైనల్స్ నాలుగో మ్యాచ్‌లో కింద పడిన గ్రీన్‌ను దాటుకుంటూ క్లీవ్‌ల్యాండ్ స్టార్ లెబ్రాన్ జేమ్స్ నడిచాడు. గ్రీన్ చెయ్యి విసిరాడు. ఆట తర్వాత వీడియో చూసిన లీగ్ దాన్ని ఫ్లాగ్రంట్-1గా మార్చింది. లెబ్రాన్‌కూ టెక్నికల్ పడింది గానీ, అతను ఆడాడు. గ్రీన్ మాత్రం 4 పాయింట్లతో అవుట్.

జూన్ 13న ఐదో మ్యాచ్ జరుగుతుంటే గ్రీన్ పక్కనే ఉన్న బేస్‌బాల్ స్టేడియంలో కూర్చోవాల్సి వచ్చింది. ఆ మ్యాచ్‌లో లెబ్రాన్, కైరీ ఇర్వింగ్ చెరో 41 పాయింట్లు కొట్టేశారు. వారియర్స్ 97-112తో ఓడింది. ఆరోదీ పోయింది. ఏడో మ్యాచ్‌లో గ్రీన్ 32 పాయింట్లు సాధించినా, 89-93తో కప్పు క్లీవ్‌ల్యాండ్‌కు వెళ్లిపోయింది.