ఎర్రమాత్ర వెనుక ఎన్నేండ్ల చదువు

ఈ వేసవిలో మా పెద్దమ్మాయి ఒక దరఖాస్తు తెచ్చి మా ముందు పెట్టినది. బి.ఫార్మ్ అయినది, ఎం.ఫార్మ్ అయినది, ఇక ఔషధ విజ్ఞానంలో డాక్టరేటు చేయవలెనని దాని కోరిక. ఆ కాగితం మీద ‘ట్రాన్స్‌లేషనల్ సైన్సెస్’ అన్న మాట ఒకటి కనబడినది. మేము మెట్రిక్ వరకే చదివినవారము. చాదర్ల కార్ఖానాలో గుమాస్తా పని. మరాఠీలో వచ్చిన నోటీసును దాజీ పేట్‌లో మనవారికి తెలుగులో చదివి చెప్పడం, మనవారు తెలుగులో చెప్పిన గోడును మరాఠీలో అర్జీగా వ్రాయడం మాకు ఇరవై యేండ్ల అలవాటు. ట్రాన్స్‌లేషన్ అంటే అనువాదమే గదా, దానికీ మందులకూ ఏమి సంబంధం అని అడిగినాము.

"ఇది గూడ అనువాదమే బాపూ. ప్రయోగశాలల దొరికిన సంగతిని రోగి మంచం కాడికి తెచ్చుడు" అన్నది.

జవాబు బాగానే ఉన్నది. కాని సంసారమన్న తరువాత ఒక్క జవాబుతో పని తీరదు. "ఇరవైనాలుగు నిండినయి. ఇంకా అయిదారేండ్లు చదివితే పెండ్లి ఎప్పుడురా?" అని మా అమ్మ. "మందుల దుకాణం పెట్టుకుంటే చాలదా?" అని మా బావ. వారి మాట త్రోసిపుచ్చదగినది కాదు. మగ్గాల మీద, సాంచాల మీద, బీడీల మీద పైసా పైసా కూడబెట్టిన ఇండ్లు మనవి. అందుచేత సంతకం పెట్టకముందు ఈ చదువు ఏమిటి, దీనివలన ఎవరికి ఏమి మేలు అని నెల దినాలు విచారించినాము. మన పత్రిక చదివే ఇండ్లలోను ఈ ప్రశ్న నేడో రేపో వచ్చేదే గనుక, తెలిసినంత వ్రాస్తున్నాము.

డబ్బాలో మిగిలిన మాత్రలు

మొదట మా ఇంటి సంగతి ఒకటి చెప్పవలె. పదిహేనేండ్ల క్రిందట మా చిన్నచెల్లెలు రెండవ కాన్పుకు ఉన్నది. దినానికి వెయ్యి బీడీలు చుట్టేది. ముఖం పాలిపోయినది, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. దవాఖానాలో చూచి, రక్తం తక్కువగా ఉన్నదని ఎర్రమాత్రలు ఇచ్చినారు. నెలలు నిండకముందే నొప్పులు వచ్చినవి. రక్తం ఎక్కించి తల్లిని బ్రతికించినారు, బిడ్డ దక్కలేదు. తరువాత తునికాకు చేట సర్దుతుండగా రేకుడబ్బాలో ఆ మాత్రలన్నీ అట్లే బయటపడినవి.

ఎందుకు మింగలేదంటే, వేసుకొన్ననాడు కడుపులో త్రిప్పినదట. మలం నల్లగా వచ్చినదట. అది చూచి జడిసినది. మాత్రలు తింటే బిడ్డ లావై కాన్పు కష్టమౌతుందని పొరుగామె ఒకరు చెప్పినారట. నలుపు ఇనుము వలన వచ్చేదే, భయం లేదు అని దవాఖానాలో చెప్పకపోలేదు, మరాఠీలో చెప్పినారు. చీటీ మీద కూడా మరాఠీలోనే ఉన్నది. చెల్లెలు అయిదవ తరగతి వరకు తెలుగు బడిలో చదివినది; దానికి మరాఠీ బజారు మాటల వరకే. రెండు గల్లీల అవతల మేము ఉన్నాము, ఊరందరి నోటీసులు చదివి పెట్టేవారము. ఆ చీటీ ఒక్కటి అడిగి చదవలేదు. ఈ తప్పు మాది. ఇంకొకరి మీద వేయము.

అప్పుడు మా అమ్మాయికి తొమ్మిదేండ్లు. డబ్బా చేత పట్టుకొని, "బాపూ, మందు ఇంట్లనే ఉండె గదా, చిన్నత్తకు ఎందుకు పనిచేయలే?" అని అడిగినది. ఆ ప్రశ్నను అది ఇన్నేండ్లు మోసుకొని తిరుగుతున్నదని మాకు ఈ నెలలోనే తెలిసినది.

బొంబాయి మిల్లు స్త్రీలు

ఆ ఎర్రమాత్రలో ముఖ్యమైన సరుకులు రెండు. ఒకటి ఇనుము. రెండవది ఫోలిక్ ఆమ్లం. ఈ రెండవదాని కథ నూలు పని చేసే స్త్రీల మధ్యనే మొదలైనదని విని మేము ఆశ్చర్యపోయినాము.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చినారు. అక్కడ బట్టల మిల్లులలో పనిచేసే స్త్రీలు గర్భవతులైనప్పుడు ఘోరమైన రక్తహీనతకు గురి అయ్యేవారు, ప్రాణాలు పోయేవి. ఆమె వారి ఇండ్లలో ఏమి తింటున్నారో విచారించినారు. పేదల తిండి వంటిదే ఎలుకలకు పెట్టి పరీక్షించినారు. కోతుల మీద చూచినారు. సారా బట్టీలలో మిగిలే ఈస్టు నుండి తీసిన ‘మార్మైట్’ అనే చవక పదార్థం ఆ గర్భిణులకు పెట్టగా రక్తం పట్టినది. 1931లో ఈ సంగతి ప్రకటించినారు. కాని అందులో గుణమిచ్చే వస్తువు ఏది అన్నది అప్పటికి ఎవరికీ తెలియదు. చాలా కాలం దానిని ‘విల్స్ ఫ్యాక్టర్’ అనే పిలిచినారు.

పదేండ్లకు, 1941లో, అమెరికాలోని టెక్సాస్‌లో కొందరు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి రవ్వంత పదార్థం తీసినారు. లాటిన్‌లో ‘ఫోలియం’ అంటే ఆకు. ఆకులో దొరికినది గనుక ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టినారు. అయితే నాలుగు టన్నుల ఆకుకూరకు రవ్వంత దొరికితే పేదల ఇంటికి మందు ఎట్లా చేరుతుంది? దానిని కృత్రిమంగా తయారు చేయవలె. ఆ పనిని నడిపించినది మన తెలుగువాడు.

భీమవరం బాలుడు

యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టినారు. పేద కుటుంబం. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి మూడవసారి గట్టెక్కినారు. మెట్రిక్‌తోనే నిలిచిపోయిన మావంటివారికి ఇది కొంత ఊరట కలిగించే సంగతి. అన్నదమ్ములు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో పోయినారు. మామగారి సహాయంతో మద్రాసులో వైద్యం చదివి, అమెరికాకు ఓడ ఎక్కినారు. బోస్టన్‌లో చదువుకొంటూ, పొట్టకొరకు ఒక ఆస్పత్రిలో రాత్రిపూట పనివాడుగా రోగుల మలమూత్ర పాత్రలు ఎత్తి కడిగినారు. పగలు హార్వర్డు ప్రయోగశాల. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించినారు. 1930లో పిహెచ్.డి. పట్టా వచ్చేనాటికి ఆయనకు 35 ఏండ్లు.

ఆ తరువాత కూడా హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి వెళ్ళినారు. అక్కడ ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లం తయారు చేసినది. బొంబాయి మిల్లు స్త్రీలకు కావలసినది అదే. ఆయన అన్నదమ్ములను తీసుకొనిపోయిన స్ప్రూ జబ్బుకు మందుగా పనికివచ్చినదీ అదే.

కథ అంతటితో ఆగలేదు. ఫోలిక్ ఆమ్లం రక్తకణాలు పెరగడానికి తోడ్పడుతుంది గదా. రక్తపు కాన్సరులో పెరగకూడని కణాలు పెరుగుతవి. అయితే ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందు ఇస్తే? ఆ బృందమే అటువంటి అమినోప్టెరిన్ తయారు చేసి ఇచ్చినది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు దానిని రక్తపు కాన్సరు పిల్లలకు ఇవ్వగా, కొందరికి కొంతకాలం జబ్బు వెనుకంజ వేసినది. అది 1948లో ప్రకటితమైనది. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ కాన్సరుకు, కీళ్ళవాతానికి నేటికీ వాడుతున్నారు. బోదకాలుకు ఇచ్చే డైఇథైల్‌కార్బమజైన్ కూడా ఆయన బృందం నుండి 1947లో వచ్చినదే.

1948 ఆగస్టులో 53వ యేట ఆయన కన్నుమూసినారు. ఓడ ఎక్కినవాడు మరల దేశం చూడలేదు; ఇక్కడ భార్య ఆయన కొరకు ఎదురుచూస్తూనే ఉండిపోయినది. గొప్పవారి కథ చెప్పేటప్పుడు ఈ ఖర్చు కూడా లెక్కలో వ్రాయవలెనని మా అభిప్రాయం.

చదువు లెక్క, ఇంటి లెక్క

ఇక నేటి సంగతి. డాక్టరేటు అంటే పుస్తకాలు బట్టీ పట్టి పరీక్ష వ్రాయడం కాదు. ఇంతవరకు ఎవరూ తేల్చని ప్రశ్న ఒకటి పట్టుకొని, దానిని సొంతంగా తేల్చి, వ్రాసి, పెద్దల ముందు నిలబడి ఒప్పించడం. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం కనీసం మూడేండ్లు, మామూలుగా ఆరేండ్లకు మించకుండా. స్త్రీలకు మరి రెండేండ్లు సడలింపు ఉన్నది. ప్రసూతికి, పిల్లల పోషణకు మొత్తం 240 దినాల వరకు సెలవు ఇవ్వవచ్చును. కనుక పెండ్లి అయితే చదువు ఆగవలెననిగాని, చదువు పూర్తి అయ్యేవరకు పెండ్లి ఆగవలెననిగాని నియమమేమీ లేదు. ఈ మాట మా అమ్మకు రెండుసార్లు చదివి వినిపించినాము.

డబ్బు సంగతి. జాతీయ పరీక్షలో నెగ్గి జూనియర్ ఫెలోషిప్ పొందినవారికి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు, రెండేండ్ల తరువాత సీనియర్ అయితే 42,000. అందరికీ దొరకదు, దొరకనివారికి బరువే. ఔషధ విజ్ఞానానికే ప్రత్యేకించిన నైపర్ సంస్థ హైదరాబాదులో 2007 నుండి ఉన్నది. మనకు రైలులో ఒక పూట ప్రయాణం. ముంబైలో 1933లో బట్టల రసాయనశాస్త్రం, కెమికల్ ఇంజనీరింగులతో మొదలైన యూడీసీటీ నేడు ఐసీటీ పేరుతో ఉన్నది. తాడేపల్లిలో పసుపు పండించే రైతు కుమారుడు అంజిరెడ్డిగారు అక్కడ ఔషధ తయారీ చదివి, పూనాలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో 1969లో డాక్టరేటు పొందినారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ కంపెనీ స్థాపించినారు.

ఆయన కంపెనీ కనిపెట్టిన మధుమేహపు మందు ఒకటి 1997లో విదేశీ కంపెనీ అనుమతి పత్రం వ్రాసి తీసుకొన్నది. దేశమంతా మెచ్చుకొన్నది. అయినా ఆ మందు బజారుకు రాలేదు. మనుషుల మీద పరీక్షకు వచ్చిన మందులలో పదింట తొమ్మిది ఇట్లే మధ్యలో నిలిచిపోతవట. పడుగు తోడి, అచ్చుకట్టి, సగం నేసిన తరువాత గుడ్డ పనికిరాదంటే ఎట్లుంటుందో మనకు తెలియనిది కాదు. ఈ చదువులో అది తరచు జరిగేదే. ఓపిక లేనివారికి ఇది తగదు.

అమ్మాయి ఎంచుకొన్న ప్రశ్న ఏమిటో తెలుసునా? ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్ర కడుపులో త్రిప్పకుండా ఉండవలెనంటే ఎట్లా చేయవలె. అట్లా చేస్తే పని చేసుకొనే స్త్రీలు నిజంగా మింగుతారా? మాత్ర చేయడం ఒక పని. అది గొంతు దిగడం ఇంకొక పని. రెండవదానికి పల్లెలలో, పేటలలో ఆడవారి దగ్గర కూర్చొని, వారి మాటలోనే అడగవలె. లూసీ విల్స్ బొంబాయిలో చేసినదీ అదే గదా.

ఇంటిలో అందరము కూర్చొని మాట్లాడిననాడు మా చిన్నచెల్లెలు కూడా వచ్చినది. అందరి మాటలు అయ్యేవరకు ఊరకనే ఉన్నది. చివరకు, "పోనీయ్ అన్నా. అది నా సంగతే చదువబోతున్నది" అన్నది. మా అమ్మ కొంగుతో కండ్లు తుడుచుకొని, "పండుగలకు ఇంటికి రావాలె మరి" అన్నది. మేము సంతకం పెట్టినాము.

పాఠకులకు రెండు మనవులు. మీ అమ్మాయో అబ్బాయో ఇటువంటి కాగితం తెస్తే, ‘ఇంకెన్నాళ్ళు’ అని అడుగుటకు ముందు ‘ఏ ప్రశ్న’ అని అడగండి. జవాబు మీకు అర్థమయ్యేటట్లు చెప్పగలిగితే సగం యోగ్యత ఉన్నట్లే. రెండవది, మీ ఇంటిలోగాని పొరుగునగాని గర్భిణి ఉంటే ఆమె దవాఖానా చీటీ అడిగి తీసుకొని తెలుగులో చదివి చెప్పండి. మాత్రలు వేసుకొంటే మలం నల్లబడుతుంది, భయం లేదు. కడుపులో త్రిప్పితే మానవద్దు, వైద్యులకు చెప్పండి అని చెప్పండి. పుట్టబోయే బిడ్డ వెన్ను, మెదడు సరిగా ఏర్పడడానికి ఫోలిక్ ఆమ్లం గర్భానికి ముందునుండే అవసరమని, అంతకుముందు అటువంటి లోపమున్న బిడ్డను కన్న తల్లులలో ఆ లోపం నూటికి 72 పాళ్ళు తగ్గినదని 1991లో రుజువైనది. కనుక కొత్తగా పెండ్లి అయినవారూ వైద్యులను అడగవలె. పాలకూర, పెసలు, శనగలు, మన శేంగా చట్నీలోని వేరుశనగలలో కూడా అది ఉన్నది; అయితే చీటీలో వ్రాసిన మాత్రకు అవి బదులు కావు.

డాక్టరేటు చేసేవారు కొందరే ఉంటారు. చీటీ చదివి చెప్పడం మనలో ఎవరైనా చేయవచ్చును.