ఒక్క భాషే చాలన్న చట్టం

సింహళమే ఏకైక అధికార భాష అని 1956లో శ్రీలంక తీర్మానించుకుంది. గుమాస్తా కొలువు దగ్గర రాజుకున్న ఆ తగువు అంతర్యుద్ధం దాకా ఎలా నడిచింది?

1956 జూన్ 5. కొలంబో సముద్రతీరాన గాల్ ఫేస్ మైదానంలో ఎస్.జె.వి. చెల్వనాయగం నాయకత్వంలో తమిళ నేతలు సత్యాగ్రహానికి కూర్చున్నారు. సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసే బిల్లు ఆ రోజే పార్లమెంటు ముందుకొచ్చింది. అల్లరిమూకలు సత్యాగ్రహుల మీద పడి కొట్టాయి. హింస తూర్పున గల్ ఓయ లోయకు పాకి ప్రాణాలు తీసింది. అయినా బిల్లు చట్టమైంది.

నిజమైన బాధ

ఆ చట్టం కోరినవాళ్లంతా దుర్మార్గులు కారు. 1948లో స్వాతంత్ర్యం వచ్చినా కోర్టు తీర్పులు, సర్కారు దస్త్రాలు, పెద్ద ఉద్యోగాలు ఇంగ్లీషులోనే ఉండిపోయాయి. జనాభాలో పదింట ఏడు వంతులు సింహళీయులే. కానీ ఊరిబడిలో సింహళంలో చదువుకున్న రైతుబిడ్డకు సర్కారు కొలువు అందని పండే. సాగునీరు తక్కువై చదువునే నమ్ముకున్న ఉత్తరాది జాఫ్నాలో మిషనరీ బడులు ముందే వేళ్లూనుకున్నాయి. అక్కడ ఇంగ్లీషు చదివిన తమిళులకు జనాభాలో తమ వాటాకు మించి కొలువులు దక్కాయి. సింహళ పల్లెల కోపం అటు తిరిగింది.

ఆ కోపాన్ని ఓట్లుగా మలిచిన నాయకుడు ఎస్.డబ్ల్యు.ఆర్.డి. బండారనాయకే. ఇంగ్లీషు వాతావరణంలో పెరిగి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన ఆయన భిక్షువులను, నాటువైద్యులను, పంతుళ్లను, రైతులను, కార్మికులను పంచ మహాశక్తులుగా కూడగట్టారు. గెలిస్తే 24 గంటల్లో సింహళాన్ని గద్దెనెక్కిస్తామన్నారు. బుద్ధ నిర్వాణానికి 2500 ఏళ్లు నిండిన ఉత్సవాల వేళ భాష, మతం, జాతి ఒకే నినాదమయ్యాయి. ఏప్రిల్ ఎన్నికల్లో ఆయన కూటమి ఘనవిజయం సాధించింది.

ఇంగ్లీషును దించడం న్యాయమే. తమిళాన్ని గడప బయట నిలబెట్టడమే అన్యాయం. రెండు భాషలకూ అధికార హోదా ఇవ్వాలని 1944లో ఆనాటి శాసనసభే తీర్మానించింది. రెండు భాషలుంటే దేశం ఒకటిగా నిలుస్తుందనీ, ఒకే భాష అంటే రెండు దేశాలవుతాయనీ వామపక్ష నేత కొల్విన్ ఆర్. డిసిల్వా హెచ్చరించారు. మెజారిటీ వినలేదు.

నిలవని ఒప్పందం

1957 జులైలో బండారనాయకే, చెల్వనాయగం రాజీకొచ్చారు. ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో తమిళంలో పాలన, ప్రాంతీయ మండళ్లు అందులోని ముఖ్యాంశాలు. ప్రతిపక్షంలోని జె.ఆర్. జయవర్ధనే దానికి వ్యతిరేకంగా క్యాండీకి పాదయాత్ర చేపట్టారు. 1958 ఏప్రిల్‌లో భిక్షువులు ప్రధాని బండారనాయకే ఇంటి ముందు బైఠాయించగానే ఆయన ఒప్పందాన్ని రద్దు చేశారు. మే నెలలో అల్లర్లు చెలరేగాయి. కొలంబోలో నిరాశ్రయులైన తమిళులను ఓడలెక్కించి జాఫ్నాకు పంపారు. సొంత దేశంలో తమకు భద్రత ఉన్నచోటు ఏదో, లేనిచోటు ఏదో వాళ్లకు ప్రభుత్వమే చూపించినట్టయింది. మరుసటి ఏడాది బండారనాయకే ఒక భిక్షువు తూటాలకు బలయ్యారు.

ఆ తర్వాత ప్రతి ప్రభుత్వానికీ అదే భయం. రాజీకొస్తే ఎదుటి పార్టీ జాతిద్రోహి అంటుంది. అలా పోటీపడి రెండు పెద్ద పార్టీలూ తమిళుల మితవాద నాయకత్వాన్ని వట్టిచేతులతో వెనక్కి పంపాయి.

ఈలోగా చట్టం మామూలు బతుకుల్లోకి దిగింది. సింహళ పరీక్ష పాసు కాని తమిళ ఉద్యోగికి ఇంక్రిమెంటు ఆగింది. అలాంటి ఒక గుమాస్తా కేసు లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1970లలో విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో తెచ్చిన మార్కుల సవరణతో తమిళ విద్యార్థులకు సీట్లు తగ్గాయి. 1972 రాజ్యాంగం సింహళ హోదాను మరింత బిగించింది. 1976లో వడ్డుకోడైలో తమిళ పార్టీలు ప్రత్యేక దేశం కావాలని తీర్మానించాయి. 1981లో జాఫ్నా గ్రంథాలయాన్ని తగలబెట్టారు. సుమారు 97 వేల పుస్తకాలు బూడిదయ్యాయి. 1983 జులైలో తమిళుల మీద జరిగిన మారణకాండతో అంతర్యుద్ధం మొదలైంది. తమిళాన్నీ అధికార భాషగా గుర్తించింది 1987లో. అప్పటికి తుపాకులు మాట్లాడుతున్నాయి. 2009 దాకా అవి ఆగలేదు.

మనకేం సంబంధం?

శ్రీలంక ఆ చట్టం చేసిన 1956లోనే, నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అంతకు నాలుగేళ్ల ముందు పొట్టి శ్రీరాములు ప్రాణమిస్తే గానీ ఢిల్లీ కదల్లేదు. భాషల వారీగా రాష్ట్రాలిస్తే దేశం ముక్కలవుతుందని పెద్దలు భయపడ్డారు. అలా జరగలేదు. హిందీ విషయంలోనూ మద్రాసు మండిపడిన 1965 తర్వాత కేంద్రం వెనక్కి తగ్గి, ఇంగ్లీషును కొనసాగించింది. ఒప్పుకోవడం వల్ల దేశం బలహీనపడలేదు.

భాషలు ఎక్కువైనందుకు దేశాలు విరగవు. ఒక భాషకు ఉద్యోగం, చదువు, గౌరవం కట్టబెట్టి, పక్క భాషవాళ్లకు ఆ మూడూ దూరం చేసినప్పుడు విరుగుతాయి. ఇది మనకూ వర్తించే పాఠమే. తెలుగు కోసం మనం ఢిల్లీని ఏమడుగుతామో, మన బడుల్లో కూర్చున్న గోండి, కోయ, సవర పిల్లలకూ అదే ఇవ్వాలి. వాళ్ల భాషలో చదువు చెప్పే పంతులును వేయడం తెలుగును తగ్గించుకోవడం కాదు. 1944 తీర్మానానికి శ్రీలంక కట్టుబడి ఉంటే అయ్యే ఖర్చు, యుద్ధం మింగిన ప్రాణాల ముందు ఏపాటిది? అడిగినప్పుడే ఇచ్చిన హక్కు దేశాన్ని కలుపుతుంది. నెత్తురు పారాక ఇచ్చిన హక్కును నమ్మేవాళ్లు తక్కువ.